జాక్: అమెరికా ఆటగాడికి అంటుకున్న ఒక మాట

హైదరాబాద్‌లో ఎఫ్ఎం పెడితే ఆర్జే పలకరిస్తాడు. మలక్‌పేట రేస్‌కోర్సులో గుర్రం మీద జాకీ కూర్చుని ఉంటాడు. బట్టల షాపులో బనియన్ల డబ్బా మీద ‘జాకీ’ అని రాసి ఉంటుంది. అమెరికాలో హైస్కూల్ చదివే తెలుగు కుర్రాడు ఇంటికొచ్చి, స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడేవాళ్ల గురించి చెబుతూ ‘వాళ్లంతా జాక్స్ నాన్నా’ అంటాడు. ఈ నాలుగు మాటలకూ చుట్టరికం ఉంది. ఉంది కదా అని అన్నిటినీ ఒకే గాట కట్టేస్తేనే పొరపాటు. ఆటగాడిని ‘జాక్’ అనడం గుర్రపు జాకీ నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది అక్కడి నుంచి రాలేదు. వచ్చిన దారి వేరు. మోస్తున్న అర్థాలు కూడా ఒకటి కాదు. వాటిలో ఒకటి పచ్చి తిట్టు. ఆ తిట్టు తగలాల్సింది ఆటగాడికి కాదు, అతన్ని ఆడించిన కాలేజీకి అని నేను గట్టిగా నమ్ముతాను.

ముందు పేరు సంగతి. జాన్ అనే పేరును ఇంగ్లండ్‌లో ముద్దుగా ‘జ్యాక్’ అంటారు, స్కాట్లండ్‌లో ‘జాక్’ అంటారు. తెలుగులో ఈ రెంటినీ ఒకేలా రాస్తుంటాం కాబట్టి ఇక్కడ ఆ తేడా చూపిస్తున్నాను. ఊరినిండా ఉండే పేర్లు కావడంతో రెండూ పోనుపోను ‘ఎవరో ఒక మామూలు మనిషి’ అనే అర్థంలోకి వచ్చేశాయి. మనం ‘ఏ ఎల్లయ్యో పుల్లయ్యో’ అన్నట్టే. మనిషి చేయాల్సిన బరువు పని చేసిపెట్టే పనిముట్లకు జ్యాక్ పేరు పెట్టారు. మన మెకానిక్ షాపులో కారు కింద పెట్టే జాకీ ఆ జ్యాకే. గుర్రపు జాకీ మాత్రం స్కాట్లండ్ జాక్ నుంచి వచ్చాడు. మొదట్లో ఆ మాటకు కుర్రాడు, పనివాడు అని అర్థం. తర్వాత గుర్రాల బేరగాడు అయ్యాడు. ఆ బేరాల్లో మోసాలు మామూలే కాబట్టి ఇంగ్లిష్‌లో ‘జాకీ’ని క్రియగా వాడితే ఎత్తులు వేయడం, బురిడీ కొట్టించడం అనే అర్థం కూడా వచ్చింది. పందెం గుర్రాన్ని స్వారీ చేసేవాడు అన్న అర్థం 17వ శతాబ్దంలో స్థిరపడింది.

స్కాట్లండ్‌లో ‘జాక్’ ఇప్పటికీ పేరే. అక్కడి సాకర్ క్లబ్ సెల్టిక్ 1967లో లిస్బన్‌లో యూరోపియన్ కప్ గెలిచినప్పుడు మేనేజర్ జాక్ స్టీన్. ఆయన అసలు పేరు జాన్. ఆ కప్ గెలిచిన మొదటి బ్రిటిష్ క్లబ్ అదే. ఆయన్ని జాక్ అనడానికి, అమెరికా కుర్రాడు తన క్లాస్‌మేట్‌ని జాక్ అనడానికి ఏ సంబంధమూ లేదు. బ్రిటిష్ సైన్యంలో స్కాట్లండ్ దళాల సైనికులను కూడా జాక్స్ అనే అంటారు. అదే మాట ఇంగ్లండ్ వాళ్ల నోట వస్తే కొందరు స్కాట్‌లకు నచ్చదు.

ఇక ఆటగాడి దగ్గరికి వద్దాం. 16, 17 శతాబ్దాల ఇంగ్లండ్‌లో దొంగలు, దేశదిమ్మరులు తమలో తాము మాట్లాడుకునే రహస్య భాషలో ‘జాకమ్’ అంటే మగవాడి మర్మాంగం. అది కుదించుకుని ‘జాక్’ అయింది. ఇదీ మనిషి పేరు నుంచే పుట్టి ఉంటుందని నిఘంటువులు రాసేవాళ్లలో చాలామంది అభిప్రాయం. ఎలా పుట్టినా, 19వ శతాబ్దం చివర్లో ఒక వస్తువు వచ్చి ఈ నాటు మాటను క్రీడా మైదానంలోకి లాక్కొచ్చింది.

ఆ వస్తువు పేరు జాక్‌స్ట్రాప్. మగ ఆటగాళ్లు మర్మాంగాలు కదలకుండా, దెబ్బ తగలకుండా లోపల కట్టుకునే పట్టీ. మన స్పోర్ట్స్ షాపుల్లో దీన్ని సపోర్టర్ అంటారు. తాలింఖానాల్లో కుస్తీ పట్టేవాళ్లకు ఈ పని చేసిపెట్టేది లంగోటా. 1874లో షికాగోకు చెందిన షార్ప్ అండ్ స్మిత్ కంపెనీలో సి. ఎఫ్. బెనెట్ దీన్ని తయారుచేశాడు. బోస్టన్ వీధుల్లో సైకిల్ తొక్కేవాళ్ల కోసం. అప్పట్లో ఆ వీధులకు గుండ్రాళ్లు పరిచి ఉండేవి, సైకిలు మీద వెళ్తే ఒళ్లంతా కుదిపేసేది. తర్వాత బెనెట్ పెట్టిన కంపెనీ పేరు కూడా ‘బైక్ వెబ్’. సైకిల్ కోసం పుట్టిన పట్టీ బేస్‌బాల్, ఫుట్‌బాల్, హాకీ ఆటగాళ్లందరి కిట్‌లోకీ చేరింది. డ్రెస్సింగ్ రూమ్‌లో అందరి దగ్గరా ఉండేది అదే కాబట్టి, 20వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి అమెరికా కాలేజీల్లో దాన్ని కట్టుకునేవాడికి కూడా ఆ పేరే పడింది. 1960లకల్లా ‘జాక్’ అంటే ఆటగాడు. అంటే ఈ మాట అతని ఆటను చూసి పెట్టింది కాదు, అతని లోదుస్తును చూసి పెట్టింది. అందులో మొదటి నుంచీ ఉన్న ఎగతాళికి కారణం అదే.

మన షాపుల్లోని జాకీ బ్రాండ్ కూడా ఈ కొమ్మకు కాసిందే. విస్కాన్సిన్ రాష్ట్రం కెనోషాలో కూపర్స్ అనే కంపెనీ కొత్త రకం డ్రాయర్ తయారుచేసి, 1935 జనవరిలో షికాగోలోని మార్షల్ ఫీల్డ్స్ స్టోర్‌లో అమ్మకానికి పెట్టింది. జాక్‌స్ట్రాప్ ఇచ్చేలాంటి ఆసరా ఇది కూడా ఇస్తుందని జనానికి తట్టేలా దానికి ‘జాకీ’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఎంత పాకిందంటే చివరికి కంపెనీ తన పేరే జాకీ అని మార్చుకుంది. ఆస్ట్రేలియాలో ఇప్పటికీ మగవాళ్ల డ్రాయర్లను ‘జాక్స్’ అనే అంటారు.

ఆర్జే మాత్రం గుర్రపు జాకీ వారసుడే. గుర్రాన్ని నడిపేవాడు జాకీ అయితే, గ్రామఫోన్ రికార్డులను నడిపేవాడు డిస్క్ జాకీ. ఆ మాట 1940ల మొదట్లో అమెరికన్ పత్రికల్లో కనబడింది. దాన్నుంచే డీజే, టీవీ వచ్చాక వీజే, మన దేశంలో రేడియో జాకీ. అమెరికా రేడియోలో అనౌన్సర్‌ని కూడా క్లుప్తంగా జాక్ అంటారు, గుర్రపు పందేల వార్తల్లో జాకీని జాక్ అంటారు. కాబట్టి ఇంగ్లిష్‌లో ఎక్కడైనా ‘జాక్’ కనబడితే ముందు సందర్భం చూడాలి. రేడియో స్టేషనా, రేస్‌కోర్సా, స్కాట్లండా, అమెరికా హైస్కూలా అన్నది తేలితే అర్థం దానంతటదే తేలిపోతుంది.

ఇప్పుడు అమెరికా హైస్కూల్లోకి వెళ్దాం. ఆటగాడికి అక్కడ ఇంత పెద్ద పీట ఎందుకు? మన దగ్గర ఆటలు స్కూలుకు బయట ఉంటాయి: అకాడమీ, స్టేడియం, జిల్లా జట్టు. అమెరికాలో ఆటలు స్కూల్లోనే ఉంటాయి. శుక్రవారం రాత్రి హైస్కూల్ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే చిన్న పట్టణాల్లో ఊరు ఊరంతా అక్కడే. బ్యాండ్, చీర్‌లీడర్లు, ఆటగాళ్ల ఛాతీ మీద స్కూలు పేరు తాలూకు పెద్ద అక్షరం ఉన్న జాకెట్లు. ఆ అక్షరం కుట్టించే అలవాటు 1865లో హార్వర్డ్ బేస్‌బాల్ జట్టుతో మొదలైంది. సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్మన్ 1950ల చివర్లో ఇల్లినాయ్ రాష్ట్రంలో 10 హైస్కూళ్లను పరిశీలించాడు. స్కూల్లో నిన్ను ఎలా గుర్తుపెట్టుకోవాలి, చదువులో మొనగాడిగానా, ఆటల్లో స్టార్‌గానా, అందరికీ ఇష్టమైనవాడిగానా అని మగపిల్లలను అడిగితే ఎక్కువమంది కోరుకున్నది ఆటల స్టార్ అనిపించుకోవడమే. ఆ పరిశీలన పుస్తకంగా 1961లో వచ్చింది. జాక్ అనే మాట కాలేజీల్లో పాకిన కాలం కూడా అదే. ఒక గుంపుకు అంత హోదా వస్తే, మిగతావాళ్లు వాళ్లను పిలుచుకోవడానికి ఒక మాట కావాలి. అందులో కాస్త అసూయ, కాస్త వెక్కిరింపు, కాస్త ఆరాధన అన్నీ ఇమడాలి. జాక్‌లో అన్నీ ఇమిడాయి.

ఇక్కడ ఒక ముడి ఉంది. జాక్ అనిపించుకోవడానికి ఆట ఆడి తీరాలా? భాషా శాస్త్రవేత్త పెనెలొపీ ఎకర్ట్ 1980ల మొదట్లో డెట్రాయిట్ శివారులోని ఒక హైస్కూల్లో పిల్లల మధ్య తిరుగుతూ పరిశోధన చేసింది. అక్కడి పిల్లలు తమను తాము రెండు గుంపులుగా చూసుకునేవాళ్లు: జాక్స్, బర్నౌట్స్. ఆ స్కూల్లో జాక్ అంటే స్కూలును నమ్ముకున్నవాడు. జట్టులో ఆడేవాడే కాదు, విద్యార్థి సంఘంలో తిరిగేవాడు, డ్యాన్స్ పార్టీలు ఏర్పాటు చేసేవాడు, టీచర్లతో బాగుండేవాడు కూడా జాకే. బంతి ముట్టని అమ్మాయి కూడా జాక్ కావచ్చు. బర్నౌట్స్‌కి స్కూలు మీద ఆశ లేదు. వాళ్ల కళ్లు బయటి లోకం మీద, డెట్రాయిట్‌లో దొరకబోయే పనుల మీద ఉండేవి. దీని వెనక ఉన్నది డబ్బు, కుటుంబ అంతస్తు. జాక్స్‌లో ఎక్కువమంది కాలేజీకి వెళ్లబోయే మధ్యతరగతి ఇళ్ల పిల్లలు, బర్నౌట్స్‌లో ఎక్కువమంది శ్రామిక కుటుంబాల పిల్లలు. వాళ్ల ఉచ్చారణ కూడా వేరు. డెట్రాయిట్ నగరంలో అచ్చుల పలుకు మారుతుంటే, కొత్త మార్పులను ముందుగా అందుకున్నది బర్నౌట్సే. ఎకర్ట్ పుస్తకం 1989లో వచ్చింది. నాకైతే ఈ మాట మీద ఇంతకంటే విలువైన పరిశీలన ఇంకొకటి లేదనిపిస్తుంది. బయటి నుంచి కండలు కనిపిస్తున్న చోట ఆమె కుటుంబాల ఆదాయాన్ని చూసింది.

తర్వాత కాలంలో బఫెలో విశ్వవిద్యాలయంలో క్యాథ్లీన్ మిల్లర్ ఇంకో తేడా పట్టుకుంది. ఆటలాడే విద్యార్థులందరూ తమను జాక్ అని చెప్పుకోరు. కొందరు ‘నేను అథ్లెట్‌ని’ అంటారు, కొందరు ‘నేను జాక్‌ని’ అంటారు. ఇవి రెండు రకాల మనస్తత్వాలు. మగతనం చూపించుకోవాలనే ఆరాటం, ప్రమాదకరమైన పనుల వైపు మొగ్గు తమను జాక్‌గా చెప్పుకునేవాళ్లలో ఎక్కువ కనబడ్డాయి. ఆట ఆడటం మాత్రమే దానికి కారణం కాదు. ‘ఆటలాడితే పిల్లలు చెడిపోతారు’ అని భయపడే తల్లిదండ్రులు గమనించాల్సిన తేడా ఇది.

ఇక తిట్టు సంగతి. ‘డంబ్ జాక్’, అంటే కండ తప్ప బుర్ర లేనివాడు. అమెరికాలో పేరున్న కాలేజీలు చదువులో వెనకబడ్డ కుర్రాడిని ఆట కోసం స్కాలర్‌షిప్ ఇచ్చి తెచ్చుకుంటాయి. టికెట్లు అమ్ముకుంటాయి. టీవీ హక్కులు అమ్ముకుంటాయి. కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నమెంట్ హక్కులు ఒక్కటే 14 ఏళ్లకు 1,080 కోట్ల డాలర్లకు అమ్ముడయ్యాయని 2010లో ప్రకటించారు. ఆ ఆట ఆడినవాడికి అప్పట్లో జీతం లేదు. ఎందుకు లేదంటే అతను ఉద్యోగి కాదు, ‘స్టూడెంట్ అథ్లెట్’. ఈ మర్యాదపూర్వకమైన మాట పుట్టుక నాటు మాట పుట్టుక కంటే ఘోరంగా ఉంటుంది. 1955లో కొలరాడోలో రే డెనిసన్ అనే కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడు మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. పనిలో చనిపోయిన కార్మికుడికి ఇచ్చే పరిహారం ఇవ్వాలని అతని భార్య అడిగింది. 1957లో కొలరాడో సుప్రీంకోర్టు కుదరదంది. ఇలాంటి దావాలు మీద పడతాయన్న భయంతోనే కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ ‘స్టూడెంట్ అథ్లెట్’ అనే మాటను తయారుచేసి అన్ని పత్రాల్లోనూ ఎక్కించింది. ఈ మాట చెప్పింది ఆ సంస్థను దశాబ్దాలపాటు నడిపిన వాల్టర్ బైయర్సే, 1995లో రాసిన తన పుస్తకంలో.

స్టూడెంట్ అన్నారు కదా, మరి చదువు చెప్పారా? డెక్స్టర్ మ్యాన్లీ ఓక్లహామా స్టేట్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు ఫుట్‌బాల్ ఆడి, వాషింగ్టన్ జట్టుతో ఆ ఆటలో అతిపెద్ద ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినవాడు. 1989లో సెనేట్ ఉపసంఘం ముందు కూర్చుని, కాలేజీ దాటి వచ్చినా తనకు చదవడం రాలేదని కన్నీళ్లు పెట్టుకున్నాడు. కెవిన్ రాస్ క్రైటన్ విశ్వవిద్యాలయంలో నాలుగేళ్లు బాస్కెట్‌బాల్ ఆడాడు. 1982లో బయటికి వచ్చేనాటికి ఏడో తరగతి స్థాయిలో చదవగలిగేవాడు. తర్వాత షికాగోలో మార్వా కాలిన్స్ నడిపే స్కూల్లో చేరి, చిన్నపిల్లల పక్కన కూర్చుని చదువు నేర్చుకున్నాడు. ఆ పని చేసినవాడిని బుర్ర లేనివాడు అనగలమా? ఆట ఆడే శరీరాన్ని కావాల్సినన్నాళ్లు వాడుకుని, బుర్ర సంగతి పట్టించుకోనిది కాలేజీ. ఆ మచ్చ మాత్రం కుర్రాడి మీద పడింది.

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో బయటపడిన వ్యవహారం ఇంకా పెద్దది. 18 ఏళ్లపాటు అక్కడ క్లాసులే జరగని కోర్సులు నడిచాయి. చివర్లో ఒక పేపర్ రాసిస్తే చాలు, మంచి మార్కులు. మూడువేల పైచిలుకు విద్యార్థులు ఆ దారిన వెళ్లారని, అందులో సగానికి దగ్గరగా ఆటగాళ్లేనని 2014లో విచారణ నివేదిక తేల్చింది. ఆ క్లాసులు ఆటగాళ్లు కానివాళ్లకూ దొరికాయి కాబట్టి తమ నిబంధనల కింద శిక్షించలేమని 2017లో ఎన్‌సీఏఏ చేతులు దులుపుకుంది. ఈ తిట్టు అందరికీ ఒకేలా తగల్లేదు. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్ల నిండా ఉన్న నల్లజాతి కుర్రాళ్లకే ఎక్కువ తగిలింది. ‘ఒంట్లో బలం ఉంది, తలలో ఏమీ లేదు’ అనే జాతివివక్ష మాట అమెరికాలో ఎప్పటి నుంచో ఉంది. డంబ్ జాక్ దానికి కొత్త చొక్కా అయింది.

ఈ మాటను ఆటగాళ్లు తమ బతుకులతో కొట్టిపారేసిన సందర్భాలు తక్కువేం కాదు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్న ఆలన్ పేజ్ మినసోటా సుప్రీంకోర్టులో 1993 నుంచి 2015 వరకు న్యాయమూర్తి. బాల్టిమోర్ జట్టులో ఆడిన జాన్ అర్షెల్ ఎంఐటీలో గణితంలో డాక్టరేట్ చేశాడు. ఇంకో ఫుట్‌బాల్ ఆటగాడు మైరన్ రోల్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివించే రోడ్స్ స్కాలర్‌షిప్ అందుకున్నవాడు, తర్వాత న్యూరోసర్జన్. అయినా వీళ్లను చూపించి ‘చూశారా, జాక్స్ కూడా తెలివైనవాళ్లే’ అనడం నాకు సరిపోదనిపిస్తుంది. మామూలు తెలివి ఉన్న కుర్రాడికి కూడా కాలేజీ చదువు చెప్పాల్సిందే కదా.

ఆడవాళ్ల సంగతి క్లుప్తంగా. లోదుస్తును బట్టి చూస్తే ఈ మాట వాళ్లకు అసలు వర్తించకూడదు. కానీ చదువుల్లో ఆడ, మగ వివక్ష చూపకూడదన్న టైటిల్ నైన్ చట్టం 1972లో వచ్చాక అమెరికా హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు మూడు లక్షల లోపు నుంచి ముప్ఫై లక్షలు దాటారు. ఆ అమ్మాయిలు తమను తాము జాక్ అని గర్వంగానే చెప్పుకోసాగారు. మాట మూలం వాళ్లకు అడ్డు కాలేదు.

మన దగ్గర సరిగ్గా జాక్‌కు సాటి వచ్చే మాట లేదు. మన ‘వస్తాదు’ ఉర్దూ ఉస్తాద్ నుంచి వచ్చినవాడు, అంటే గురువు. ‘కలియుగ భీముడు’ అని కోడి రామమూర్తి నాయుడు గారికి వచ్చిన బిరుదులో వెక్కిరింపు ఇసుమంతైనా లేదు. ఆ చులకన మన దగ్గర ఇంకో రూపంలో ఉంది: ‘వాడిది స్పోర్ట్స్ కోటా సీటు’ అని గొంతు తగ్గించి చెప్పడంలో. చదువు, ఆట రెండూ ఒకే మనిషిలో ఉండవన్న నమ్మకం అమెరికాలోనూ ఇక్కడా ఒకటే. అమెరికాలో ఆ నమ్మకానికి రెండో కొస తెలుగు పిల్లలకు తగులుతుంది. స్పెల్లింగ్ పోటీలు, లెక్కలు అనగానే భారతీయ పిల్లలను నెర్డ్ (చదువుల పురుగు) గూట్లో పెట్టేస్తారు, జాక్ గూడు వాళ్లది కాదని ముందే తేల్చేస్తారు. ట్రాక్ టీమ్‌లో పరుగెత్తాలనుకునే అమ్మాయికి స్కూల్లో ఆ టెన్షన్, ఇంట్లో ‘మార్కులు ఏమవుతాయి’ అనే టెన్షన్. కుర్రాడు ‘జాక్స్‌తో తిరుగుతున్నా’ అంటే కంగారుపడక్కర్లేదు. వాళ్లు ఎవరో, ఏ ఆట ఆడతారో అడగండి. ‘వాడు జాక్’ అని నవ్వుతూ అన్నాడా, మొహం చిట్లించి అన్నాడా అన్నదాన్ని బట్టే ఆ మాటకు అర్థం.

ఈలోగా డబ్బు లెక్క మారుతోంది. జాక్ అనే మాట పన్నుల్లోకి కూడా ఎక్కింది: 1991 బాస్కెట్‌బాల్ ఫైనల్స్‌లో షికాగో బుల్స్ లాస్ ఏంజెలెస్ జట్టును ఓడించాక, అక్కడ ఆడి సంపాదించినదానికి పన్ను కట్టమని కాలిఫోర్నియా ఆ ఆటగాళ్లను అడిగింది. ఇల్లినాయ్ కూడా బదులుగా అలాంటి చట్టమే తెచ్చింది. దానికి ‘జాక్ ట్యాక్స్’ అనే పేరు నిలిచిపోయింది. కాలేజీ కుర్రాడికి అప్పట్లో ఆ పన్ను బెడద లేదు, సంపాదనే లేదు కాబట్టి. 2021 జూలై నుంచి తమ పేరు, ఫొటో వాడుకున్నందుకు బయటి కంపెనీల నుంచి డబ్బు తీసుకునే హక్కు కాలేజీ ఆటగాళ్లకు వచ్చింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలే నేరుగా వాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. ఇంత జరిగినా ఎన్‌సీఏఏ ఇప్పటికీ వాళ్లను ఉద్యోగులు అనడానికి ఒప్పుకోవడం లేదు. దాని దృష్టిలో వాళ్లు ఇంకా స్టూడెంట్ అథ్లెట్లే.